ఓక్ పీపాలో నానిన చెర్రీ బీరు: మీ నాలుకకు ఏం తగిలింది?

చెర్రీగింజ
నిన్న రాత్రి బూన్ బ్రూవరీ వాళ్ల క్రీక్ మరియాజ్ పర్‌ఫే తెరిచాను. క్రీక్ అంటే చెర్రీ వేసిన లాంబిక్, లాంబిక్ అంటే గాలిలోని ఈస్ట్‌తో పులిసే బెల్జియం బీరు. బెల్జియంలో లెంబేక్ ఊరిది. లాంబిక్‌లో లీటరుకు 400 గ్రాముల పుల్ల చెర్రీలు వేసి ఓక్ పీపాల్లో నిల్వ ఉంచే రకం, ఆల్కహాల్ 8 శాతం. తాగుతూ రాసుకున్న నోట్సు ఇక్కడ పెడుతున్నాను. ఈ తరహా బీర్లు రుచి చూసినవాళ్లు మీ మాటా చెప్పండి.

చూపుకి ముదురు ఎరుపు, గ్లాసు అంచు దగ్గర మాత్రం కాస్త ఇటుక రంగు. నురగ గులాబీ రంగులో గబగబా లేచింది గానీ నిలవలేదు. కాసేపటికి అంచు చుట్టూ సన్నని గీత మాత్రం మిగిలింది.

వాసన దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనంలో పులుపు తప్ప ఏమీ అందలేదు. గ్లాసు బొడ్డుని అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను. పావుగంట గడిచాక చెర్రీ మెల్లగా బయటికొచ్చింది. జ్యూస్ డబ్బా వాసన కాదు, పండు తొక్కని వేళ్ల మధ్య నలిపితే వచ్చే వాసన. దాని వెనకే బాదం. ఇంకాసేపటికి ఎండుగడ్డి, పాత తోలు, తడిసిన చెక్క.

నోట్లో పులుపు ముందు నాలుక పక్కల తాకింది, తర్వాత పండు, చివర్న చిగుళ్లని పట్టే వగరు. తీపి ఎక్కడా లేదు. అన్ని పళ్లు వేసినా ఇంత పొడిగా ఎలా ఉంటుందన్నదే నన్ను పట్టుకున్న సంగతి. మింగాక కూడా చెర్రీ చాలాసేపు నోట్లోనే ఉంది.

పులుపు_పిచ్చి
భలే రాశారండి! ఆ బాదం వాసన నాకు ప్రాణం. చెర్రీ గింజలోంచి వచ్చేది అది. పండుని గింజతో సహా నెలల తరబడి నానబెడతారు కాబట్టి గింజలో ఉన్నదంతా నెమ్మదిగా బీరులోకి దిగుతుంది. గింజ తీసేసిన గుజ్జుతో చేసిన క్రీక్‌లో ఆ లోతు రాదు. రెండూ పక్కపక్కన పెట్టి తాగితే తెలిసిపోతుంది.

కొత్తగా_వచ్చా
నేను ఇలాంటివి ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాను. నేను తాగిన చెర్రీ బీర్లన్నీ తియ్యగా, షర్బత్‌లా ఉన్నాయి. మీరు చెప్పేదానికీ వాటికీ పోలికే కనబడటం లేదు. రెండింటినీ క్రీక్ అనే పిలుస్తారా?

నిదానంగా_తాగుతా
రెండింటి మీదా క్రీక్ అనే ఉంటుంది, అక్కడే కొత్తవాళ్లు తికమకపడతారు. చూడవలసింది లేబుల్ మీద "ఔడ్" (పాత) అనే మాట. ఔడ్ క్రీక్ అనే పేరుకి యూరోపియన్ యూనియన్ 1997 నుంచి రక్షణ ఇచ్చింది. ఆ పేరు పెట్టుకోవాలంటే సంప్రదాయ పద్ధతిలో చేయాలి, సీసాలో మళ్లీ పులియాలి. తియ్యటి క్రీక్‌లలో లాంబిక్ వాటా తక్కువ ఉండొచ్చు, చక్కెరో తీపిరసమో కలిపి, ఇక పులియకుండా వేడి చేసి ఆపుతారు. వాటిని తక్కువ చేసి మాట్లాడను, ఎంతోమంది ఈ దారిలోకి వచ్చింది వాటి తలుపులోంచే. కానీ పీపా గురించి మాట్లాడాలంటే తీపి లేనివే తాగాలి. చక్కెర ఉన్నచోట చెక్క గొంతు వినపడదు.

ల్యాబ్‌కోటు
చెర్రీగింజ గారి "ఇంత పొడిగా ఎలా" అన్నదానికి: పీపాలో తీపిని మిగలనివ్వని జీవులు ఉంటాయి. మామూలు ఈస్ట్ పండులోని సాధారణ చక్కెరల్ని వారాల్లో ముగించేస్తుంది. మాల్ట్ నుంచి వచ్చిన పెద్ద చక్కెర గొలుసులు దానికి అందవు. అవి బ్రెటనోమైసిస్ అనే ఇంకో ఈస్ట్ పని, పొట్టిగా బ్రెట్ అంటాం. నెలలూ ఏళ్లూ పట్టే పని. 1904లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో క్లాసెన్ దీన్ని గుర్తించి పేరు పెట్టాడు. అది కూడా ఇంగ్లండ్ బీర్లు నిల్వలో అలా ఎందుకు మారుతున్నాయని వెతుకుతూ.

బ్రెట్ చేసే ఇంకో పని నాకు చాలా ఇష్టం. పండులో వాసనలన్నీ బయటికి కనబడవు. కొన్ని చక్కెర అణువుకి అతుక్కుని ఉంటాయి, అలా ఉన్నంతసేపు ముక్కుకి అందవు. కొన్ని రకాల బ్రెట్ ఆ బంధాన్ని తెంచుతుంది. తాజా పండులో లేని వాసన ఏడాది నిల్వ ఉన్న బీరులో దొరకడానికి అదొక కారణం.

పులుపు మాత్రం ముఖ్యంగా బ్యాక్టీరియాది. లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్. వాటి లాక్టిక్ పులుపుకి పండు సొంత పులుపు తోడవుతుంది.

చెర్రీగింజ
ల్యాబ్‌కోటు గారూ, ఆ అతుక్కున్న వాసనల మాట విన్నాక గ్లాసులో అంత ఆలస్యంగా ఎందుకు విచ్చుకుందో కూడా అర్థమవుతున్నట్టుంది. అది కూడా ఇదేనా?

ల్యాబ్‌కోటు
కాదండి, గ్లాసులో జరిగేది వేరు. అది చల్లదనం తగ్గి వాసనలు ఆవిరి కావడం. బంధాలు తెగే పని పీపాలోనే ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

ఓక్‌చెక్క
చల్లదనం మాట వచ్చింది కాబట్టి, ఇలాంటి బీరుని ఫ్రిజ్ చలిలో తాగడమంటే సగం వదిలేసినట్టే. 10 నుంచి 13 డిగ్రీల మధ్య నా లెక్క. చల్లగా ఉన్నప్పుడు పులుపూ వగరూ ముందుకు తోసుకొస్తాయి, పండు వెనక్కి పోతుంది. గ్లాసు కూడా పైన కాస్త ముడుచుకున్నదై ఉండాలి, వైన్ గ్లాసు చాలు. మూడో వంతు మించి నింపొద్దు. వాసన చేరడానికి చోటు కావాలి.

కార్క్ తీశాక మొదటి గ్లాసు కదపకుండా పోయండి. సీసాలో మళ్లీ పులిసిన బీరు కాబట్టి అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది. నేను చివరి కొంచెం విడిగా చిన్న గ్లాసులో పోసి పక్కన పెట్టుకుంటాను. మడ్డితో ఉన్నది మెత్తగా, కాస్త రొట్టె వాసనతో ఉంటుంది. తేరినది పదునుగా ఉంటుంది. ఒకే సీసాలో రెండు రుచులు.

మాల్ట్‌బస్తా
నేను సారాయి వ్యాపారిని కాదు గానీ చిన్న స్థాయిలో పీపాల్లో బీరు పెడుతుంటాను. పీపా వైపు నుంచి కొంచెం చెబుతాను, రుచి చూసేటప్పుడు అది తెలిసుంటే మేలు.

పీపాలోంచి నమూనా తీయడం చూశారా ఎప్పుడైనా? పైన మూత తెరవం. తెరిస్తే గాలి వెళుతుంది, బీరు మీద బ్రెట్ కట్టిన తెల్లటి పొర చెదిరిపోతుంది. పీపా ముఖం మీద, అంటే గుండ్రటి పలక మీద, చిన్న రంధ్రం వేసి స్టీల్ మేకు దిగ్గొట్టి ఉంచుతాం. అమెరికాలో రష్యన్ రివర్ బ్రూవరీకి చెందిన విన్నీ సిలుర్జో ఈ పద్ధతిని అందరికీ అలవాటు చేశాడు. పటకారుతో మేకు లాగితే దారం లావున బీరు ఎగజిమ్ముతుంది. గ్లాసులో రెండు గుక్కలు పడగానే మేకు మళ్లీ దిగ్గొట్టేస్తాం. ఆ రెండు గుక్కల్ని బట్టి ఈ పీపా ఇంకా ఉండాలా, పండు వేసే వేళయిందా, లేక పారబోయాలా అని తేల్చుకోవాలి.

ఒకే రోజు, ఒకేసారి కాచిన బీరు, పక్కపక్కన ఉన్న రెండు పీపాల్లో పోసినా ఏడాదికి రెండు వేర్వేరు బీర్లు అవుతాయి. ఒకటి నిమ్మ పులుపులో శుభ్రంగా ఉంటే, ఇంకోటి గొడ్లచావిడి వాసనతో లోతుగా ఉంటుంది. అందుకే వేర్వేరు పీపాల బీర్లు కలపడం తెలిసినవాడే ఈ పనిలో పెద్ద.

కొత్తగా_వచ్చా
గొడ్లచావిడి వాసన మంచిదా?

నిదానంగా_తాగుతా
కొలత మీద ఉందమ్మా. వెనక ఎక్కడో ఎండుగడ్డి, గుర్రం జీను, తోలు అనిపిస్తే మంచిది, పండుకి నేల దొరికినట్టు ఉంటుంది. ముందుకొచ్చి పండుని కప్పేస్తే నేను గ్లాసు పక్కన పెడతాను. బ్యాండేజీ ప్లాస్టర్ వాసన వస్తే అసలే వద్దు.

ల్యాబ్‌కోటు
ఆ రెండూ ఒకే కుటుంబం. బ్రెట్ తయారుచేసే పదార్థాలు. 4-ఇథైల్‌ఫినాల్ అయితే చావిడి, ప్లాస్టర్. 4-ఇథైల్‌గ్వయకాల్ అయితే లవంగం, పొగ. బ్రెట్ ఏ రకం, దానికి తిండి ఏం దొరికింది అన్నదాన్ని బట్టి పాళ్లు మారతాయి.

పులుపు_పిచ్చి
ఇప్పుడు నా అభిమాన విషయం: వెనిగర్. రోడెన్‌బాక్ లాంటి ఫ్లాండర్స్ ఎర్ర బీర్లు తాగినవాళ్లకి తెలుసు, అందులో సన్నగా వెనిగర్ పదును ఉంటుంది. రూసెలారెలో వాళ్ల నేలమాళిగల్లో నిలువెత్తు ఓక్ తొట్లు, ఫూడర్లు, 294 ఉన్నాయి. బీరు అందులో రెండేళ్లు నిలుస్తుంది. వాళ్లదే కారక్టెర్ రూజ్ అని ఒకటి ఉంది. అలా రెండేళ్లు ఉన్న బీరులో చెర్రీ, రాస్ప్‌బెర్రీ, క్రాన్‌బెర్రీ వేసి ఇంకో ఆరు నెలలు నానబెడతారు. ఆ పదును లేకపోతే అంత పండు బరువుగా నాలుక మీద కూర్చుండిపోయేది. వెనిగర్ అంటే చాలు తప్పు అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

ఓక్‌చెక్క
వెనిగర్ తప్పు అనేవాళ్లలో నేనూ ఉన్నాను, కాబట్టి వాదిద్దాం. రోడెన్‌బాక్ సంగతి వేరు. వాళ్లు పాత బీరుని లేత బీరుతో కలిపి ఆ పదునుని అదుపులో పెడతారు. నేను చెప్పేది చిన్న పీపాల మాట. తొట్టి పెద్దదైతే లోపలి బీరుకి తగిలే చెక్క తక్కువ, లోపలికి పాకే గాలి తక్కువ. 200 లీటర్ల పీపాలో బీరుకి చెక్క చాలా ఎక్కువ. పైగా ఏడాదిలో కొంత ఆవిరైపోతుంది, ఖాళీ అయిన చోట గాలి చేరుతుంది. గాలి దొరికితే ఎసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఆల్కహాల్‌ని వెనిగర్ చేస్తుంది, బ్రెట్ కూడా గాలి ఎక్కువైతే అదే పని చేస్తుంది.

పండు వేశాక ఇంకా ప్రమాదం. పళ్లు పైకి తేలి గట్టి మూతలా పేరుకుంటాయి, ఆ పైభాగం ఆరిపోయి గాలికి పుల్లబడుతుంది. శ్రద్ధగా కిందికి నొక్కకపోతే ఆ రుచి మొత్తం పీపాకి ఎక్కుతుంది. గొంతు మండించే పులుపుని "పీపా స్వభావం" అని చెప్పి సీసాల్లో నింపి పంపేవాళ్లంటే నాకు కోపం. పండు పండించిన రైతు కష్టం కూడా అందులో పోతుంది.

పులుపు_పిచ్చి
గొంతు మండేది నాకూ వద్దు. నేను అడుగుతున్నది గీత ఎక్కడ అని. ముక్కుకి సోకి, నోట్లో వెలుగులా మెరిసి వెళ్లిపోయే వెనిగర్ ఉంటుంది కదా. దాన్ని కూడా తీసేస్తే బీరు చదునైపోతుంది.

మాల్ట్‌బస్తా
నేను గీసుకునే గీత చెబుతాను. వెనిగర్ నోట్లో తెలిస్తే, కలిపేటప్పుడు కొంచెంగా వాడుకుంటాను. ముక్కులోనే గోళ్లరంగు తుడిచే మందు వాసన వస్తే ఆ పీపా నాకు పనికిరాదు. అది ఇథైల్ ఎసిటేట్, ఎసిటిక్ ఆమ్లమూ ఆల్కహాలూ కలిసి అయ్యేది. మరీ కొంచెమైతే పియర్ పండులా హాయిగానే ఉంటుంది. అది దాటితే మాత్రం ఎంత లేత బీరు కలిపినా దాగదు. పండు వేసి కప్పుదామని చూసేవాళ్లూ ఉన్నారు. పండు దాన్ని కప్పదు, ఇంకా పైకి ఎత్తి చూపిస్తుంది.

ఓక్‌చెక్క
ఈ గీతకి నాదీ సమ్మతే.

చెర్రీగింజ
ఒక విషయం అడగాలి. ఈ మధ్య ఇంకో పీపా బీరు తాగాను, రాస్ప్‌బెర్రీది, ఎవరిదో పేరు చెప్పను. ముక్కుకి అద్భుతం. మొదటి గుక్కా అద్భుతం. మింగిన కొన్ని క్షణాలకి నోట్లో పాడైన పేలాలు, ఎలుకల బోను లాంటి రుచి వచ్చి కూర్చుంది. రెండో గుక్క తాగితే పోయింది, మింగగానే మళ్లీ వచ్చింది. పక్కన కూర్చున్న స్నేహితుడికి ఏమీ తెలియలేదు, బాగుంది బాగుంది అని గ్లాసు ఖాళీ చేశాడు. ఇదేమిటి?

ల్యాబ్‌కోటు
మీరు ఎంత చక్కగా గమనించారో! పాఠ్యపుస్తకంలో రాసినట్టుంది. దాన్ని వైన్ వాళ్లూ బీరు వాళ్లూ ఎలుక వాసన అనే అంటారు. టెట్రాహైడ్రోపిరిడిన్లు అనే పదార్థాల పని. పుల్లటి బీరులో అవి ఆవిరి కావు, అందుకే గ్లాసు మీద ముక్కు పెడితే ఏమీ తెలియదు. మింగాక లాలాజలం వచ్చి నోట్లో పులుపుని తగ్గిస్తుంది, అప్పుడు అవి ఆవిరై గొంతు వెనక నుంచి ముక్కుకి ఎక్కుతాయి. కొత్త గుక్క తాగగానే మళ్లీ పులుపు పెరిగి అణిగిపోతాయి. మీకు వచ్చీపోయీ ఉండటానికి కారణం అదే.

మీ స్నేహితుడి నాలుకలో లోపమేమీ లేదు. లాలాజలం తీరు మనిషి మనిషికీ మారుతుంది, కొందరికి ఇది అస్సలు తెలియదు. అందుకే రుచి చూసే బల్ల దగ్గర ఒక్కరి మాట మీద తీర్పు చెప్పకూడదు.

ఇది బ్రెట్ నుంచీ కొన్ని లాక్టిక్ బ్యాక్టీరియా నుంచీ వస్తుంది, సీసాలో నింపేటప్పుడు గాలి తగిలితే ఎక్కువవుతుంది. అలాంటి సీసా ఇంకోటి ఉంటే పారెయ్యకండి. కొన్ని నెలలు కదపకుండా ఉంచితే చాలాసార్లు తగ్గిపోతుంది.

మాల్ట్‌బస్తా
తగ్గుతుంది, నేను చూశాను. అందుకే సీసాల్లో నింపాక తొందరపడి బయటికి వదలను. పీపాలో ఏడాది ఓపిక పట్టినవాడు సీసా దగ్గర నెల ఓపిక పట్టకపోవడం నాకు అర్థం కాదు.

కొత్తగా_వచ్చా
నిల్వ మాట వచ్చింది కదా. ఇలాంటివి ఏళ్ల తరబడి దాస్తే ఇంకా బాగుపడతాయని విన్నాను. కొన్నవి దాచాలా, తాగెయ్యాలా?

నిదానంగా_తాగుతా
పండుని బట్టి. గూజ్ లాంటి పండు లేని లాంబిక్ అయితే పదేళ్లు దాటినా నిలుస్తుంది. పండు అలా కాదు. రాస్ప్‌బెర్రీ అన్నిటికన్నా ముందు వెళ్లిపోతుంది. కాంటియోన్ బ్రూవరీ వాళ్ల రాస్ప్‌బెర్రీ లాంబిక్ రోజె ద గాంబ్రినస్ లేతగా ఉన్నప్పుడు తాగితే అప్పుడే కోసిన పండు. కొన్నేళ్లు దాస్తే రంగు ఉల్లిపొర రంగుకి దిగి, పండు పోయి లాంబిక్ ఒక్కటే మిగులుతుంది. ఆ లాంబిక్ గొప్పదే, కానీ మీరు కొన్నది పండు కోసం.

నేరేడురంగు పళ్లలో చెర్రీ గట్టిది. తొక్కలో వగరూ గింజలో బాదమూ ఉన్నాయి కాబట్టి తాజా పండు తగ్గినా వెన్నెముక ఉంటుంది. మంచి ఔడ్ క్రీక్‌ని కొన్నేళ్లు ఉంచి తాగాను, ఎండు చెర్రీ, పాత రెడ్ వైన్ వైపు వెళ్లింది. వేరే అందం. ఆప్రికాట్ సున్నితం, దాచొద్దు.

పులుపు_పిచ్చి
ద్రాక్షని మర్చిపోయారు! కాంటియోన్ సాన్ లాంవినస్‌లో మెర్లో ద్రాక్షలు వేస్తారు. వైన్‌కీ బీరుకీ మధ్య గోడ ఎక్కడుందో కనబడదు. ద్రాక్ష తొక్కల వగరుతో అది కూడా బాగానే నిలుస్తుంది.

ఓక్‌చెక్క
దాచేవాళ్లకి ఒక మాట. చీకటి, చల్లదనం, ముఖ్యంగా మారని చల్లదనం. 2009లో బెల్జియంలో 3 ఫాంటెయినెన్ అనే లాంబిక్ సంస్థ వాళ్ల గోడౌన్‌లో థర్మోస్టాట్ చెడిపోయి రాత్రికి రాత్రి వేడెక్కిపోయింది. వేల సీసాలు పేలిపోయాయి, మిగిలిన వేలకి వేలు అమ్మడానికి పనికిరాకుండా పోయాయి. ఆ బీరుని బట్టీలో మరిగించి ఘాటు మద్యంగా మార్చి అమ్మి నిలదొక్కుకున్నారు. సీసాలో ఉన్నది ఇంకా బతికే ఉన్న ఈస్ట్ అని మర్చిపోకూడదు. కొత్తగా వచ్చినవాళ్లు ఇంట్లో వంటగది అలమరలో పెట్టకండి.

కొత్తగా_వచ్చా
తప్పకుండా. ఇంకొక్కటి. విస్కీ పీపాల్లో పెట్టిన పండ్ల బీర్లు కూడా కనబడుతున్నాయి. అవీ ఇలాగే పుల్లగా ఉంటాయా?

మాల్ట్‌బస్తా
అవి చాలావరకు వేరే దారి. బర్బన్ అనే అమెరికన్ విస్కీకి అక్కడి చట్టం ప్రకారం కొత్త, లోపల కాల్చిన ఓక్ పీపానే వాడాలి. ఒకసారి వాడాక దాన్నే మళ్లీ బర్బన్‌కి వాడకూడదు. అలా ఖాళీ అయిన పీపాలు ప్రపంచమంతా బీరు వాళ్ల దగ్గరికి చేరతాయి. అందులో చెక్క ఇంకా బతికి ఉంటుంది: వెనిలా, కొబ్బరి, కాల్చిన చక్కెర, పైగా చెక్కలో ఇంకిన విస్కీ. ఎక్కువగా బరువైన నల్ల బీర్లు పెడతారు. వాటిలో రాస్ప్‌బెర్రీ, చెర్రీ వేస్తే పండూ చాక్లెట్టూ కలిసి తియ్యటి వైపు పోతుంది.

లాంబిక్ వాళ్ల పీపాలు ఎన్నో ఏళ్లుగా వాడినవి. చెక్క తన రుచంతా ఎప్పుడో ఇచ్చేసింది. అక్కడ పీపా పని రుచి ఇవ్వడం కాదు, కొంచెం కొంచెంగా గాలి పోనివ్వడం, చెక్క సందుల్లో బ్రెట్‌కీ బ్యాక్టీరియాకీ ఇల్లు ఇవ్వడం. మధ్యలో వైన్ పీపాలు ఉన్నాయి. రష్యన్ రివర్ వాళ్ల సప్లికేషన్ తాగండి, బ్రౌన్ ఏల్ అనే గోధుమరంగు బీరుని పినో నువార్ వైన్ పీపాల్లో పుల్ల చెర్రీలతో నిల్వ ఉంచుతారు. వైన్, చెర్రీ, చెక్క మూడూ విడివిడిగా వినపడతాయి.

పులుపు_పిచ్చి
విస్కీ పీపాలో పండు వేయడం నాకు నచ్చదు. మొత్తం వెనిలానే. పండు పేరు లేబుల్ మీద తప్ప గ్లాసులో కనబడదు.

చెర్రీగింజ
నాకు అలా అనిపించలేదండి. పండు ఎప్పుడు వేశారన్నదాన్ని బట్టి ఉంటుందేమో. పీపాలోనే మొదటి నుంచీ ఉంచితే మునిగిపోతుంది. పీపాలోంచి తీశాక పండు మీద పెట్టినది తాగాను, రాస్ప్‌బెర్రీ పులుపు ఆ తీపిని చీల్చుకుని పైకి వచ్చింది. బరువైన బీరులో ఆ పులుపే ఊపిరి ఆడేలా చేసింది.

మాల్ట్‌బస్తా
సరిగ్గా పట్టుకున్నారు. లాంబిక్‌లో కూడా పండు మొదట్లో వేయరు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా చలికాలంలో బీరు కాస్తారు, వెడల్పాటి తొట్టిలో రాత్రంతా గాలికి చల్లారబెడతారు. ఆ గాలిలోని ఈస్టే బీజం. తర్వాత పీపాల్లో ఏడాదో ఆ పైనో ఉంచాకే, వేసవిలో చెర్రీలు రాగానే పండు కలుపుతారు. అప్పటికి పులుపూ లోతూ కుదురుకుని ఉంటాయి, పండుకి కూర్చోవడానికి పీట సిద్ధంగా ఉన్నట్టు. ఇంకోటి, లేత దశలో పీడియోకాకస్ వల్ల బీరు జిగటగా, సాగుతూ, వెన్న వాసనతో ఉంటుంది. బ్రెట్ వచ్చి దాన్ని శుభ్రం చేసేదాకా ఆగకుండా పండు వేసి సీసాల్లో నింపితే ఆ జిగట నాలుకకి తగులుతుంది.

కొత్తగా_వచ్చా
ఈ వారాంతం మేం నలుగురం కలిసి కొన్ని సీసాలు తెరుద్దాం అనుకుంటున్నాం. ఒక తియ్యటి క్రీక్, ఒక ఔడ్ క్రీక్, ఒక రాస్ప్‌బెర్రీ లాంబిక్, ఒక విస్కీ పీపాది. ఏది ముందు?

నిదానంగా_తాగుతా
రాస్ప్‌బెర్రీ ముందు, అది అన్నిటికన్నా తేలిక. తర్వాత ఔడ్ క్రీక్. ఆ తర్వాత తియ్యటి క్రీక్. విస్కీ పీపాది ఆఖర్న, దాని తర్వాత ఇంకేదీ రుచి తెలియదు. తియ్యటిది ముందు తాగితే పుల్లటివి ఉన్నదానికన్నా రెండింతలు పుల్లగా అనిపిస్తాయి, పాపం వాటికి అన్యాయం.

ఒక్కొక్కరికి 100 మిల్లీలీటర్లు చాలు. మధ్యలో ఉప్పూ కారం లేని రొట్టె ముక్క, మామూలు నీళ్లు. సుగంధాలు, అగరొత్తులు ఆ గదిలో వద్దు. మొదటి గుక్క మీద ఏమీ రాయకండి, అది పులుపుకి నోరు అలవాటు పడటానికి. రెండో గుక్క నుంచి రాయండి. ఒకరు రాసింది ఇంకొకరికి వినిపించకుండా రాసి, తర్వాత చదువుకోండి. ఎవరైనా "బాదం" అని పైకి అన్నారంటే అందరికీ బాదమే వస్తుంది.

ల్యాబ్‌కోటు
పళ్ల గురించి కూడా ఆలోచించండి, నోట్లో పళ్ల గురించి. ఈ బీర్ల పీహెచ్ 3.3, 3.5 దరిదాపుల్లో ఉంటుంది. తాగడం అయ్యాక నీళ్లతో పుక్కిలించండి, వెంటనే బ్రష్ మాత్రం చేయొద్దు. పులుపుకి మెత్తబడిన ఎనామిల్ బ్రష్‌కి అరుగుతుంది. గంట ఆగితే మంచిది.

ఓక్‌చెక్క
ఔడ్ క్రీక్ సీసాని పడుకోబెట్టి దాచి ఉంటే ముందురోజే నిలబెట్టండి, మడ్డి కిందికి దిగుతుంది. కార్క్ తీసేటప్పుడు కింద పళ్లెం పెట్టుకోండి. పండు చక్కెరతో సీసాలో పులిసినవి కొన్ని తెరవగానే పొంగుతాయి. పొంగితే కంగారుపడి అటూ ఇటూ ఊపకండి, సీసాని వాల్చి పట్టుకుని నేరుగా గ్లాసులోకి పోయండి.

కొత్తగా_వచ్చా
అన్నీ రాసుకున్నాను. నలుగురి కాగితాలూ ఇక్కడే పెడతాను, ఎలుక రుచి ఎవరికి తెలిసింది, ఎవరికి తెలియలేదు అన్నది కూడా.

పులుపు_పిచ్చి
వెనిగర్ ఎవరికి నచ్చిందో కూడా రాయండి. ఓక్‌చెక్క గారికి చూపించాలి.

ఓక్‌చెక్క
రాయండి, చూస్తాను. ఏ సీసా, ఏ ఏడాదిది అన్నది మాత్రం తప్పకుండా పెట్టండి. ఏడాది లేకుండా పీపా బీరు మీద ఏ మాటా పూర్తి కాదు.